హగరి యిసుక - నేల పునరుద్ధరణము

ఆషాఢమాసపు గాలి తెలుగుదేశమున చాలచోట్ల వానకు ముందు వచ్చు శుభవార్త. అనంతపురము జిల్లాలో హగరి యొడ్డున నున్న రైతునకు మాత్రము అది భయకారణము. పడమటి కొండలపై నీరంతయు విడిచి వచ్చిన యా పొడిగాలి, ఎండిన నదీగర్భము మీదుగా వీచి, ఇసుకను లేపి, గట్టుమీది పొలములలో పోయుచున్నది. బొమ్మనహాళ్, కణేకల్లు మండలములలో, ముఖ్యముగా దర్గా హొన్నూరు, గోవిందవాడ ప్రాంతములలో, ఈ యిసుక మేటలు వేసి, మేటలు తిన్నెలై, తిన్నెలు గాలివాలున పొలములలోనికి నడచుచున్నవి. ఎడారి యెట్లుండునో చూడగోరు తెలుగువారు జైసల్మేరు దాక పోనక్కఱలేదు.

ఇది నేడు పుట్టిన కీడు కాదు. పశ్చిమపు గాలికి హగరి యిసుక చిమ్ముటను గూర్చి ఆంగ్లేయ ప్రభుత్వకాలపు బళ్ళారి జిల్లా వృత్తాంతములలోనే వ్రాయబడియున్నది. అయినను నది యప్పటికంటె నిప్పుడు ఎక్కువ కాలము ఎండియుండును. వేదావతి యను పేర కన్నడసీమలో పుట్టి వచ్చు ఈ నదికి 1907లో మారికణివె యొద్ద ఆనకట్ట పూర్తియయ్యెను; తరువాత మన సీమలో భైరవానితిప్ప యొద్ద మఱియొకటి కట్టబడెను. కఱవు దేశమున నీటిని నిలువచేసికొనుట తప్పని యెవరనగలరు? కాని పారని నది తన యిసుకను తడిపి యుంచజాలదు. తడిలేని యిసుక గాలిసొత్తు. పట్టాదారు పుస్తకములో ఎకరములు ఎకరములుగనే యుండును, సర్వే నంబరు చెక్కుచెదరదు. పొలము మాత్రము ఏటేట కొంత ఇసుక క్రిందికి పోవుచుండును. ఈ నష్టమునకు కఱవు పరిహారము లేదు, తుపాను పరిహారము లేదు. ఒక్కనాటిలో జరుగు నష్టము కాకపోవుటచే దాని పేరు ఏ పట్టికలోను పడదు.

దీనికి అందఱు చెప్పు మందు ఒక్కటే: చెట్లు నాటుడు. 1950లో కన్నయ్యలాల్ మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించిన నాటినుండి దేశమంతట ప్రతివత్సరము మొక్కలు నాటుచునే యున్నాము, లెక్కలు ప్రకటించుచునే యున్నాము. నాటినవాని లెక్క సులభముగ దొరకును. బ్రతికినవాని లెక్క కష్టముమీద దొరకును. ఆ చెట్ల క్రింది నేల యేమైనదను లెక్క అడుగువారే లేరు. మా యభిప్రాయమున ఇసుకభూములయందు అడుగవలసినది ఈ మూడవ లెక్కయే. అది యేల యనగా, ఇసుకను ఎప్పటికిని ఆపునది చెట్టు కాదు; చెట్టు నీడన, చెట్టు చాటున, మెల్లమెల్లగ కట్టుకొను మట్టిపొర ఆపును.

ఈ మాట విస్తరింపవలసియున్నది. బాగ్నోల్డు అను ఆంగ్లేయ సైనికోద్యోగి లిబియా యెడారిలో సంచరించి, ఇసుక నడకను శోధించి, 1941లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇసుకరేణువు పక్షివలె ఎగురదు, కప్పవలె గెంతును. పడినచోట మఱికొన్ని రేణువులను గెంతించును. ఈ గెంతులలో చాలభాగము నేలకు మూరెడు లోపుననే జరుగును. కాబట్టి ఇసుకను పట్టుటకు తాటియెత్తు చెట్టు అక్కఱలేదు, మోకాలెత్తు పొద చాలును. గాలితోపాటు ఆకసమునకు లేచి దూరదేశములకు పోవునది వేఱు. అది సన్నని మట్టి, ఒండ్రు. తేమను పట్టి యుంచునదియు, ఎరువును పట్టి యుంచునదియు ఆ సన్నని భాగమే. చేటలో ధాన్యము చెఱిగినపుడు పొల్లు పోయి గింజ నిలుచును. గాలి పొలమును చెఱుగునపుడు గింజ పోయి పొల్లు నిలుచును. పది సంవత్సరములు గాలిదెబ్బ తిన్న పొలమున మిగులునది ముతక యిసుక. దానిమీద ఎంత యెరువు పోసినను తొలకరి వానతో క్రిందికి దిగిపోవును.

పచ్చని కప్పు ఏర్పడినచోట ఈ వ్యవహారము తలక్రిందులగును. గాలి వేగము తగ్గి, అది మోసికొనివచ్చు ధూళి పొదలలో దిగును. రాలిన ఆకు చివికి సేంద్రియ పదార్థమగును. వెంపలి, తుమ్మ, జమ్మి మొదలగు కాయజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. వేళ్ళ చుట్టును బూజుపోగులవంటి సన్నని దారములు అల్లుకొని రేణువును రేణువుతో ముడివేయును. మెట్టపొలమున పాత రేగుపొద క్రింది మట్టిని, పొదకు పది బారల దూరపు మట్టిని రెండు దోసిళ్ళలో పట్టి చూచిన రైతునకు ఇందులో క్రొత్త యేమియు లేదు.

అయితే ఈ మార్పు ఎంతకాలము పట్టును? ఎంతవఱకు సాగును? దీనికి ఊహలతో పనిలేదు. ఇంచుమించు ఏడు దశాబ్దములుగా లెక్కలు వ్రాయబడుచున్న స్థలమొకటి చీనాదేశమున కలదు. టెంగరు ఎడారి యంచున షాపోటౌ యను చోట, బావోటౌ నగరమునుండి లాంజౌ నగరమునకు పోవు రైలుమార్గము ఎత్తైన యిసుక తిన్నెలగుండ పోవలసి వచ్చినది. దారి 1958లో తెఱవబడినది. దానిని ఇసుకనుండి కాపాడు ప్రయత్నము 1956లోనే ఆరంభమైనది. అచ్చట ఏటి వాన ఏడంగుళములకు కొంచె మెక్కువ. మన అనంతపురపు వానలో మూడవ వంతు. భూగర్భజలము 80 మీటర్ల లోతున నున్నందున వేరు దానిని అందుకొనజాలదు. పడిన వానయే ఆధారము.

అచ్చటివారు చేసిన పని చూచుటకు మిక్కిలి సామాన్యము. గోధుమగడ్డిని పిడికిళ్ళుగ తీసి ఇసుకలో గ్రుచ్చి, చదరంగపు బల్లవలె మీటరునకు మీటరు గడులు కట్టిరి. గడ్డి జానెడు లోపల, జానెడు పైన. ఈ గడులలో పొదజాతి మొక్కలను నాటిరి. నీరు పోయలేదు. రైలుదారి పొడుగున 16 కిలోమీటర్లు, ఉత్తరమున 500 మీటర్లు, దక్షిణమున 200 మీటర్లు వెడల్పున ఈ పట్టీ సాగినది. గడ్డి నాలుగైదు సంవత్సరములలో చివికిపోయినది గాని, అంతలో పొదలు నిలద్రొక్కుకొన్నవి. ఇసుక కదలుట ఆగిన తరువాత, ఎవరును నాటని వస్తువొకటి అచ్చట మొలచినది. గాలిలోని సన్నధూళి ఇసుకపై దిగి, వానకు తడిసి, పెచ్చుకట్టెను. ఆ పెచ్చులో కంటికానని నీలిపచ్చ నాచు చేరి, తన జిగురుతో రేణువుల నంటించెను. ఏండ్లు గడచినకొలది శిలలపై పట్టు బూజువంటివియు, పాకుడువంటివియు దానిపై వెలసెను. ఇసుకపై తోలు కప్పినట్లు అయినది. ఆ తోలు క్రింద సేంద్రియ పదార్థము పెరిగినది, నత్రజని పెరిగినది, ముతక యిసుక స్థానమున సన్నమట్టి పాలు పెరిగినది.

ఎంత పెరిగినది? పై రెండంగుళములలో మార్పు మొదటి పదునాలుగేండ్లలోనే వేగముగ సాగినది. దాని క్రింది పొరలో మార్పు నలువది, ఏబది యేండ్లకు గాని ఊపందుకొనలేదు. ప్రకృతిసిద్ధముగ పచ్చగానున్న ఇరుగుపొరుగు భూములతో సరితూగుటకు, ఆయా గుణములనుబట్టి, 23 మొదలు 245 సంవత్సరముల వఱకు పట్టునని అచ్చటి శాస్త్రజ్ఞులు 2007లో లెక్కకట్టిరి. ఐదేండ్ల ప్రణాళికలతోను, ఐదేండ్ల శాసనసభలతోను అలవాటుపడిన మనకు ఈ సంఖ్యలు మింగుడుపడవు. అయినను ఇవి మనసున నుంచుకొనదగినవి.

షాపోటౌ కథలో ఇంకొక భాగము మన వనపాలకులు మఱింత శ్రద్ధతో చదువవలసియున్నది. నాటిన పొదలు మొదట దట్టముగ పెరిగినవి, పిమ్మట పలుచబడినవి. మొదట ఇసుకలోతులలో నూటికి సుమారు మూడు వంతులుండిన తేమ క్రమముగ ఒకటి, ఒకటిన్నర వంతునకు దిగినది. ఒకవైపు పొదలు నీటిని త్రాగివేసినవి. మఱియొకవైపు పైన కట్టిన పెచ్చు చిన్నవానలను తానే పీల్చుకొని లోతునకు పోనీయలేదు. లోతు వేరుగల పొద తగ్గి, పైతేమతో బ్రతుకు గడ్డి, చిన్నమొక్కలు వాని స్థానమున హెచ్చినవి. మొక్కల లెక్కను మాత్రమే చూచు అధికారి దీనిని అపజయమని వ్రాసికొనును. నేలను చూచువాడు మాత్రము, పొద తన పని ముగించుకొని తప్పుకొన్నదని గ్రహించును. మా కిందులో రెండు సంగతులు స్పష్టముగ కనిపించుచున్నవి. వాన మోయగలిగినంతకంటె దట్టముగ నాటుట నేలకు మేలు కాదు. పెచ్చు కట్టిన యిసుకను గొఱ్ఱెగిట్టకు గాని, ఇసుకబండి చక్రమునకు గాని అప్పగించిన దినమున దశాబ్దముల పని గంటలో పోవును.

చీనాదేశపు శీతల యెడారి మనకు దూరముగదా యని సందేహించువారు మన రాజస్థానమునే చూడవచ్చును. జోధపురమున 1952లో ఎడారి వనీకరణ కేంద్రము నెలకొల్పబడినది. అదియే 1959లో కేంద్రీయ శుష్కమండల పరిశోధన సంస్థగ విస్తరించినది. కదలు తిన్నెలను నిలుపుటకు వారు తేల్చిన పద్ధతిలో మొదటి పని మొక్క నాటుట కాదు, కంచె వేసి పశువును ఆపుట. రెండవది, స్థానికముగ దొరకు కంపను గాలికడ్డముగ వరుసలుగ పాతుట. ఆ వరుసల చాటున సేవణ గడ్డి విత్తుట. అటుపిమ్మట చెట్టు. ఈ క్రమము తప్పినచో మొక్క వేరు బయటపడియో, ఆకు ఇసుకదెబ్బకు చినిగియో చచ్చును. 1958లో ఇశ్రాయేలునుండి తెచ్చిన తుమ్మజాతి చెట్టొకటి వేగముగ పెరుగుటచే అచ్చట విరివిగ నాటబడినది. కాని మాఱువాడ రైతు తన చేనిలో తరతరములుగ నిలుపుకొనినది వేఱొక చెట్టు. దానిని వారు ఖేజ్డీ యందురు. మనము జమ్మి యందుము.

విజయదశమినాడు జమ్మియాకును బంగారమని పంచుకొను మనకు, ఆ మాటలో వ్యవసాయపు సత్యమెంత గలదో తెలియదు. జమ్మి వేరు లోతునకు దిగును. పైరు వేరుతో పోటీపడుట తక్కువ. దాని క్రింది మట్టిలో బయటికంటె సేంద్రియ పదార్థము, నత్రజని, భాస్వరము ఎక్కువయని జోధపురమువారు పరీక్షించి చూపిరి. సజ్జచేను జమ్మి నీడన తక్కువ పండకపోగా బాగుగనే పండును. ఆకు మేకకు, గొఱ్ఱెకు మేత. లేతకాయ మనిషికి కూర. 1730లో ఖేజడ్లీ గ్రామమున ఈ చెట్లను నఱుకవచ్చిన రాజభటులకు అడ్డుపడి, అమృతాదేవి మొదలుగ 363 మంది బిష్ణోయీలు ప్రాణములు విడిచిరన్న సంగతి లోకవిదితము. మన తెలంగాణము దీనిని రాష్ట్రవృక్షముగ ప్రకటించుకొన్నది. మంచిదే; అయితే రాష్ట్రవృక్షమని ప్రకటించుటకు కాగితము చాలును, చేనిలో దానంతట అది మొలచిన జమ్మిపిలకను నాగలికి తప్పించుటకు రైతు మనసు కావలెను. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ పని కష్టమైనది. ఎద్దులతో దున్నువాడు పిలక కనబడిన నాగలి ఎత్తును, ట్రాక్టరు ఎత్తదు. రాజస్థానముననే జమ్మిచెట్లు తగ్గుచున్నవనియు, ట్రాక్టరు దున్నకము అందుకొక కారణమనియు వినుచున్నాము.

ఆఫ్రికాఖండపు నైజరు దేశమున ఇదే విషయము పెద్దయెత్తున నిరూపితమైనది. అచ్చట నారుమళ్ళు పెంచి నాటిన మొక్కలు చాలభాగము చచ్చినవి. 1980ల నుండి రైతులు నాటుట మాని, పొలములోని పాత మొద్దులనుండి లేచు చిగుళ్ళలో రెండుమూడింటిని ఏర్చి, తక్కినవి కోసి, పెరుగనిచ్చిరి. వేరు ముందే యుండుటచే నీరు పోయ నవసరము లేకపోయినది. సుమారు 50 లక్షల హెక్టారుల యిసుకనేల ఇట్లు చెట్లతో నిండినది. ఖర్చు దాదాపు శూన్యము. ప్రారంభోత్సవమునకు కత్తిరించుటకు పట్టుదారము లేకపోవుటయే ఈ పద్ధతిలోని లోపము కాబోలు.

ఇక మనకు బాగుగ తెలిసిన సర్కారు తుమ్మను గూర్చి ఒక మాట. అమెరికాఖండపు ఈ చెట్టును పందొమ్మిదవ శతాబ్దము చివర దొరతనమువారు మన దేశమునకు తెచ్చిరి; కడప జిల్లాలోని కమలాపురము దానిని తొలుత నాటిన చోట్లలో నొకటి. ఇసుకను ఆపుట, వంటచెఱకు నిచ్చుట అను రెండు పనులును అది చేసినది. దాని క్రింది మట్టిలో సేంద్రియ పదార్థము పెరుగుటయు నిజమే. కాని అది తన క్రింద వేఱొకదానిని బ్రతుకనీయదు. చెఱువులలో, వాగులలో, బీళ్ళలో తానే నిండును. నేల బాగుపడినది గాని రైతున కది దక్కలేదు. దీనిని తెచ్చినవారు నేలను ఆపవలెనని చూచిరే గాని ఆ నేలమీద బ్రతుకువారిని ఒక్కమాట యడిగినవారు కారు. హగరి యొడ్డున దీనికి తగిన యుపయోగమొకటి కలదు: కాయ పట్టక మునుపు కొట్టి, ఎండుకంపను గాలికడ్డముగ పాతుట. జోధపురమువారి కంపవరుసలకు మనకిది ఉచితముగ దొరకు సామగ్రి.

హగరి ప్రాంతమున మనకు అనుకూలమైన విషయము వాన. ఏటికి 550 మిల్లీమీటర్లు కఱవుసీమకు తక్కువే గాని, షాపోటౌకు మూడింతలు. వారికి ఏబదియేండ్లు పట్టినది మనకు అంతకంటె త్వరగ కావచ్చునని ఆశింపవచ్చును. ప్రతికూలమైనది మేత. అనంతపురము గొఱ్ఱెల జిల్లా. భూమిలేని కురుబసోదరుడు నదిగట్టున మందను మేపకున్న మఱెక్కడ మేపును? గట్టును మూసివేయుడని పట్టణమున గూర్చుండి వ్రాయుట సులభము. మూసినచో అతని కడుపు మాడును, మూయకున్న రైతు చేను పూడును. ఈ చిక్కును తీర్చకుండ నాటిన ఏ మొక్కయు మూడవ సంవత్సరము చూడదు. మేము చూచినంతలో దీనికి మార్గము మన యాచారములోనే కలదు. చేనిలో మంద కట్టించుకొని కాపరికి గింజలో, రొక్కమో ఇచ్చుట రాయలసీమలో పాతపద్ధతి. అట్లే, మూసిన పట్టీలో పెరుగు గడ్డిని కోసికొనిపోవు హక్కు కాపరులకు వ్రాతమూలముగ నీయవలెను. కాపలా కూలియు వారికే ఈయవలెను. గిట్ట లోపలికి రాకుండ గడ్డి మాత్రము బయటికి వచ్చును. గాలి నాపు పట్టీ ఒక్కరి పొలములో పెట్టిన ప్రయోజనము లేదు గనుక, గట్టున పట్టాలున్నవారందఱు ఒక సంఘముగ నేర్పడి, ఎకరమునకింతయని నేలను విడువవలసియుండును. ఆ త్యాగమునకు సిద్ధపడని భూస్వామి, ప్రభుత్వమువారు మొక్కలీయలేదని నిందించుటకు అర్హుడు కాడు.

పట్టీలో నేమి యుండవలెను? ముందుగ కంప, కందికట్టె, జొన్నదంట్లు. వాని చాటున వెంపలి, అంజన్ గడ్డి, జిల్లేడు, తంగేడు. నేల నిలిచిన పిదప రేగు, జమ్మి, అక్కడక్కడ కానుగ. మోటరేగుకు గోలా, సేబ్ మొదలగు మేలురకపు రేగుమొగ్గ కట్టిన కొన్ని యేండ్లకు కొంత ఆదాయము వచ్చును. దట్టముగ నాటనక్కఱలేదు. ఐదేండ్ల కొకసారి పట్టీలోని పై రెండంగుళముల మట్టిని, పట్టీవెలుపలి మట్టిని తీయించి, సన్నమట్టి యెంత, సేంద్రియ పదార్థమెంత యని పరీక్షించి, ఆ ఫలితమును గ్రామపంచాయతీ గోడపై వ్రాయించవలెను. ఎన్ని మొక్కలు నాటితిమను బల్లను తీసివేసి దాని స్థానమున దీనిని పెట్టినను మాకు అభ్యంతరము లేదు.

చివరగ కాలమును గూర్చి. వనమహోత్సవము దేశమునకంతకు జూలై నెలలో జరుగుచున్నది. హగరి యొడ్డున జూలై యనగా గాలి మిక్కుటము, వాన స్వల్పము. అప్పుడు నాటిన లేతమొక్క ఇసుకపోటునకు నిలువదు. అనంతపురమునకు అసలు వాన సెప్టెంబరులో, ఉత్తర, హస్త కార్తెలలో వచ్చును. అప్పటికి గాలి తగ్గును. కాబట్టి కంపవరుసలు వైశాఖమునందే పాతి గాలికి సిద్ధముగ నుంచవలెను. విత్తుటయు, నాటుటయు భాద్రపదమునందు జరుగవలెను. అటవీశాఖవారు ఈ రెండు మండలములవఱకైనను ఉత్సవమును రెండు నెలలు వెనుకకు జరుపవలెనని కోరుచున్నాము. కంప పాతు పనికి మాత్రము ఉత్సవముతో నిమిత్తము లేదు. రానున్న వైశాఖమునకే ఆరంభింపవచ్చును.